అప్పు తెచ్చి డౌన్ పేమెంట్ కడితే అత్యవసర నిధి మాటేమిటి?

అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఒక పాఠకుడు రాసిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నారు, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందింది, భార్య ఆయన వీసా మీద ఆధారపడిన హెచ్-4తో, ఈఏడీ అనే పని అనుమతి మీద ఉద్యోగం చేస్తున్నారు, ఇద్దరు చిన్నపిల్లలు. 2019లో కొన్న టౌన్‌హోమ్ ఇప్పుడు 4 లక్షల డాలర్లు పలుకుతుంది, దాని మీద ఇంకా 2.2 లక్షల అప్పుంది, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) రుసుముతో సహా నెలకు 1,750 డాలర్లు కడుతున్నారు. స్నేహితుల కుటుంబాలు ఒక్కొక్కటిగా ఫీనిక్స్ శివారులోని క్వీన్ క్రీక్‌కు తరలిపోయాయి; పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు, వినాయక చవితి, బతుకమ్మ అన్నీ ఇప్పుడు అక్కడి క్లబ్‌హౌస్‌లోనే జరుగుతున్నాయి. అక్కడే 7.2 లక్షల డాలర్ల కొత్త ఇల్లు చూశారు. టౌన్‌హోమ్‌ను అద్దెకిచ్చి, దాని విలువను హామీగా పెట్టి హెలాక్ అనే అప్పు ద్వారా 70,000, 401-కె రిటైర్‌మెంట్ పొదుపు నుంచి 50,000 అప్పు తీసుకుని, బ్యాంకులో ఉన్న 38,000లో 24,000 కలిపితే 20 శాతం డౌన్ పేమెంట్ అవుతుందని, నెలాఖరులోగా బిల్డర్‌తో ఒప్పందం చేసుకోవచ్చా అని అడిగారు. దీనితోపాటు, స్నేహితులతో కలిసి పినాల్ కౌంటీలో ఐదెకరాలు కొనడానికి 20,000 డాలర్ల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా అన్నది రెండో ప్రశ్న.

రెండింటికీ నా జవాబు వద్దనే. ఇదే లెక్కను ఫీనిక్స్ చుట్టుపక్కల నుంచి చాలామంది పంపుతున్నారు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

పత్తి చేలు, పీచ్ పండ్ల తోటలు ఉన్న క్వీన్ క్రీక్‌లో 2010లో 26 వేల పైచిలుకు జనాభా ఉంటే 2020 నాటికి అది 59 వేలు దాటింది. మనవాళ్ళు ఒకచోట చేరితే పండుగలకు, పిల్లలకు, ఊరి నుంచి వచ్చే తల్లిదండ్రులకు ఎంత ఆసరాగా ఉంటుందో నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే బతుకమ్మ ఆడటానికి ఆ కాలనీ గేటు లోపలే ఇల్లు ఉండనక్కరలేదు, అరగంట ప్రయాణం చాలు.

మీ లెక్కలో మొదటి లోపం నెల వాయిదా దగ్గరే ఉంది. మీరు రాసిన 2,920 డాలర్లు బిల్డర్ చూపించిన 2-1 బైడౌన్‌లో, అంటే వడ్డీని మొదటి ఏడాది 2 శాతం, రెండో ఏడాది 1 శాతం తగ్గించే ఆఫర్‌లో, మొదటి ఏడాది వాయిదా మాత్రమే. 5,76,000 డాలర్ల అప్పు మీద 6.5 శాతం వడ్డీ అంటే రెండో ఏడాది సుమారు 3,270, మూడో ఏడాది నుంచి 3,640 అవుతుంది. పన్ను, ఇంటి బీమా, హెచ్‌ఓఏ కలిపి 710 అని మీరే రాశారు. అయితే కొత్త ఇళ్ళకు మొదట్లో ఖాళీ స్థలం కిందే పన్ను పడి, ఇంటి విలువ లెక్కలోకి వచ్చాక ఎస్క్రో (పన్ను, బీమాల కోసం వాయిదాతో కలిపి కట్టే మొత్తం) ఒక్కసారిగా పెరుగుతుంది కనుక ఆ అంకె కూడా నిలవదు. హెలాక్ వడ్డీయే నెలకు 470 దాకా ఉంటుంది, అదీ మారే వడ్డీ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ రోజు మీ ఇంటి ఖర్చు, పిల్లల డేకేర్, ఊరికి పంపే డబ్బు కలిపి 4,000, టౌన్‌హోమ్‌కు 1,750, అంటే నెలకు 5,750 డాలర్లు. బ్యాంకులోని 38,000 మీకు ఆరు నెలలకు పైగా సరిపోతుంది. ఇది మీరు కష్టపడి సాధించిన భద్రత. కొత్త ఇల్లు కొన్న మర్నాడు బ్యాంకులో 14,000 మిగులుతుంది, పాత 5,750కి బైడౌన్ ముగిశాక పడే 3,640 వాయిదా, ఆ 710, హెలాక్ 470 కలిపితే, 401-కె వాయిదాను పక్కనపెట్టినా నెల ఖర్చు 10,570 అవుతుంది. టౌన్‌హోమ్ ఖాళీగా ఉన్నప్పుడు జీతాలు ఆగితే ఆ డబ్బు 40 రోజులకే అయిపోతుంది. మీరు ఆశిస్తున్న 2,200 అద్దె నెలనెలా తప్పకుండా వచ్చినా 50 రోజులు దాటదు. హెచ్-1బి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి సాధారణంగా దొరికే గడువు 60 రోజులు. గడువు కంటే ముందే డబ్బు అయిపోయే ప్రణాళికను ప్రణాళిక అని ఎలా అంటాం?

"మాకు రెండు జీతాలున్నాయి కదా" అని రాశారు. ఆ రెండు జీతాలూ ఒకే వీసా మీద నిలబడి ఉన్నాయి. మీ హెచ్-1బి పోతే దాని మీద ఆధారపడిన మీ భార్య హెచ్-4 ఈఏడీ కూడా నిలవదు. కనుక మీ ఇంటికి ఆరు నెలల ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి చాలదు, తొమ్మిది నెలలది కావాలి. పైగా ఇల్లు చేతికి తీసుకునేటప్పుడు కట్టే క్లోజింగ్ ఖర్చులు, కిటికీలకు బ్లైండ్స్, బిల్డర్ మట్టిదిబ్బగా వదిలేసే పెరడును హెచ్‌ఓఏ పెట్టిన గడువులోగా బాగుచేయించడం, ఇవన్నీ ఆ 14,000లోంచే వెళ్ళాలి. 2023 జూన్ 30 నుంచి జులై 30 దాకా ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన ఎండ కాసింది. అలాంటి ఎండలో, మీరు అద్దెకిచ్చిన టౌన్‌హోమ్‌లో ఏసీ ఆగిపోతే జీతం వచ్చేదాకా ఆగమని అద్దెకున్నవారితో అనలేరు.

401-కె అప్పు "మన డబ్బు మనమే తీసుకోవడం" అన్న మాట నాకు ఎంతో విసుగు తెప్పిస్తుంది. ఉద్యోగం వదిలినా, పోయినా, సాధారణంగా మిగిలిన బాకీని ఆ సంవత్సరపు టాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి. కట్టలేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు, మీ వయసుకు 10 శాతం జరిమానా అదనం. అంటే సరిగ్గా జీతం లేని ఏడాదే ఆ అప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. ఇళ్ళ ధరలు పెరుగుతూనే ఉంటాయన్న ధీమాకు కూడా ఈ ఊళ్ళో చరిత్ర అడ్డం వస్తుంది: 2006 నుంచి 2011 మధ్య ఫీనిక్స్ ప్రాంతంలో ధరలు సగానికి పైగా పడిపోయాయి, అప్పుడు నష్టపోయినవారిలో మీలాగే ఒక ఇంటి మీద అప్పు తీసి రెండో ఇల్లు కొన్నవారున్నారు.

కొత్త ఇల్లే కావాలనుకుంటే టౌన్‌హోమ్ అమ్మండి. అమ్మకం ఖర్చులు పోగా దాదాపు 1,55,000 డాలర్లు చేతికొస్తాయి, హెలాక్, 401-కె అప్పు రెండూ లేకుండానే డౌన్ పేమెంట్ తీరుతుంది. గత ఐదేళ్ళలో రెండేళ్ళు సొంతంగా నివసించిన ఇల్లు కనుక దంపతులకు 5 లక్షల డాలర్ల లాభం వరకు పన్ను మినహాయింపు ఉంది. మూడేళ్ళకు మించి అద్దెకిచ్చి ఆ తర్వాత అమ్మితే అది చేజారుతుంది. పాత తక్కువ వడ్డీ లోన్ వదులుకోవాలంటే మనసొప్పదని తెలుసు, కానీ దాన్ని కాపాడుకోవడానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి రెండు అప్పులు చేయడంలో అర్థం లేదు. అమ్మిన తర్వాత కూడా కొత్త ఇంట్లో నెలకు 8,350 ఖర్చవుతుంది, తొమ్మిది నెలలకు 75,000 కావాలి. మీ దగ్గర అందులో సగమే ఉంది కనుక, మిగతా సగం కూడేదాకా ఆగడమో, తక్కువ ధర ఇల్లు చూసుకోవడమో చేయాలి. కంపెనీ ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి ఈలోగా ఇద్దరూ సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి. హైదరాబాద్ శివార్లలో నాన్నగారి ప్లాటు అమ్మించి డబ్బు తెప్పించే ఆలోచన ఉంటే మానుకోండి, అది వారి వృద్ధాప్యపు భద్రత.

ఐదెకరాల సంగతి క్లుప్తంగా చెబుతాను. అరిజోనాలో ఫీనిక్స్ వంటి భూగర్భజల నియంత్రణ ప్రాంతాల్లో సబ్‌డివిజన్ (ముక్కలు చేసి అమ్మే లేఅవుట్) ఇళ్ళకు వందేళ్ళ నీటి భరోసా చూపాలని 1980 భూగర్భజల చట్టం నుంచి వచ్చిన నిబంధన ఉంది, కానీ స్థలాన్ని ఐదు లేదా అంతకంటే తక్కువ ముక్కలు చేసి అమ్మితే అది వర్తించదు. అలా వెలసిన రియో వెర్డే ఫుట్‌హిల్స్ అనే ప్రాంతానికి ట్యాంకర్లతో వెళ్ళే నీళ్ళను 2023 జనవరి 1న స్కాట్స్‌డేల్ నగరం ఆపేసింది. నీటి హామీ లేని ఎడారి నేలను పర్సనల్ లోన్ తీసి, అదీ నలుగురి పేర్ల మీద కొనడం గురించి ఇంతకు మించి చర్చ అనవసరం.

నెలాఖరుకు ఆఫర్ ముగుస్తుందని సేల్స్ ఆఫీసు చెప్పిందని రాశారు. ఇంకా సంతకం చేయలేదు కనుక ఈ వారమే వారికి వద్దని చెప్పండి. హెలాక్ దరఖాస్తు పెట్టి ఉంటే దాన్నీ ఉపసంహరించుకోండి.