పైథాన్ నుంచి నడిపితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ మధ్యలో ఎందుకు ఆగిపోతుంది?

ఫోల్డర్‌లోని వీడియోల నుంచి ఆడియో తీయడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో, ఆడియో ఫైళ్లను మార్చే ప్రోగ్రాం)ను, వేరే ప్రోగ్రాముల్ని నడిపే పైథాన్ సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని పోపెన్‌తో నడుపుతున్నారు. చిన్న ఫైళ్లు అయిపోతున్నాయి, పెద్దవి సగంలో బిగుసుకుపోతున్నాయి. ఇదీ మీ ప్రశ్న. తేడా వీడియోల్లో లేదు, పైపులో (ఒక ప్రోగ్రాం రాసింది ఇంకోదానికి చేర్చే దారిలో) ఉంది.

ఎన్నో ఫ్రేము, ఎంత సమయం, ఎంత వేగం అనే వివరాలన్నీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి (ప్రోగ్రాములు తమ సందేశాలు రాసే చోటికి) పంపుతూనే ఉంటుంది. దాన్ని పైపుకు కలిపి చదవకుండా వదిలేస్తే, లినక్స్‌లో మామూలుగా 64 కిలోబైట్లకే పైపు నిండిపోతుంది. ఇక రాయడానికి చోటు లేక ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆగుతుంది. అది ఎప్పుడు ముగుస్తుందా అని వెయిట్ దగ్గర మీ ప్రోగ్రాం కూర్చుంటుంది. రెండూ కదలవు.

పోపెన్ బదులు రన్ వాడండి, పైథాన్ 3.5 నుంచీ ఉంది. క్యాప్చర్ అవుట్‌పుట్ ట్రూ అని ఇస్తే (ఇది 3.7లో వచ్చింది) పైపుల్ని అదే ఖాళీ చేస్తుంది. చెక్ కూడా ట్రూ పెట్టండి, లేకపోతే పని చెడినా మీకు తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అవుట్‌పుట్ ఫైలు ముందే ఉంటే, దాని మీద రాయమంటారా అని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అడిగి జవాబు కోసం ఆగుతుంది. హైఫన్ వై ఆప్షన్ చేర్చితే అడగదు.

కమాండ్‌ను ఒకే స్ట్రింగ్‌గా కాకుండా లిస్టుగా ఇవ్వండి. అప్పుడు ‘అక్క పెళ్లి 2’ లాంటి ఖాళీలున్న ఫైలు పేరు కూడా ముక్కలవకుండా వెళ్తుంది, షెల్‌తో పనే ఉండదు.