పన్నెండే వస్తోందని గొడవకి దిగకు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నరసన్నపేట ఇంట్లో పెట్టించిన కొత్త నెట్ "100 అని చెప్పి 12 ఇస్తన్నారు మావయ్యా" అన్నావు నిన్న. ఆపరేటర్ కుర్రాడి మీద అరిచే ముందు ఇది చదువు. నువ్వు ఫైలు దింపుతూ చూసిన 12, సెకనుకి వచ్చే మెగాబైట్లు. వాళ్ళు అమ్మే 100, సెకనుకి మెగాబిట్లు. మీ అమ్మమ్మ ధాన్యం కొలిచే కుంచం గుర్తుందా? కుంచానికి ఎనిమిది తవ్వలు, బైటుకి ఎనిమిది బిట్లు. 100 తవ్వలు పోస్తే పన్నెండున్నర కుంచాలే అవుతాయి. నీకు రావలసింది వస్తోందిరా.

మీటింగులో నీ గొంతు తెగిపోవడం మాత్రం వేరే సంగతి. అది అప్‌లోడ్, అంటే మన వైపు నుంచి బయటికి వెళ్ళేది. నెట్ వేగం కొలిచే స్పీడ్‌టెస్ట్‌లో డౌన్‌లోడ్ అంకె రాగానే చాలామంది ఫోను పక్కన పెట్టేస్తారు. నువ్వు రెండోది, అప్‌లోడ్ అంకె కూడా రానీ. ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు పైకి ఎక్కిస్తోందేమో చూడు. అప్‌లోడ్ దారి నిండిపోతే, వచ్చిన డేటాకి "అందింది" అని తిరిగి చెప్పే కబురు కూడా ఇరుక్కుంటుంది, దాంతో డౌన్‌లోడూ నీరసిస్తుంది. ఆ ఫొటోల బ్యాకప్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి కొలువు. రెండుసార్లూ పింగ్, అంటే కబురు వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం, ఎంతో చూడు.

వైఫై మీద కొలిచి లైనుని తిట్టకూడదు. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలుపు. ఇక్కడ నా తలవంపు కూడా చెప్పాలి. 200 మెగాబిట్ల ప్లాన్ కట్టి, ఎన్నిసార్లు చూసినా 94 దాటక, పాపం ఆ కుర్రాడిని వీధిలో నిలబెట్టి కడిగేశాను. తీరా చూస్తే నా కేబుల్‌లో పనిచేసేవి నాలుగు తీగలే. ఎనిమిదీ ఉంటేగానీ 100 గీత దాటదు. పాత రౌటర్ పోర్టులకీ ఇదే జబ్బు.

పొద్దున్న ఆరింటికీ, రాత్రి తొమ్మిదింటికీ, నాలుగు రోజులు కొలిచి కాగితం మీద రాయి. స్పీడ్‌టెస్ట్‌లో సర్వర్, అంటే అవతలి కొస కంప్యూటర్, ఒకసారి విశాఖపట్నం, ఒకసారి హైదరాబాద్ పెట్టు. ఫాస్ట్ డాట్ కామ్ అని ఇంకో సైటు ఉంది, అది కొలిచేది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల దాకా ఉన్న వేగం, అదీ చూసుకో. మొబైల్ డేటా మీద మాత్రం ఊరికే నొక్కకు: 100 వేగంతో 15 సెకన్లు నడిస్తే 187 మెగాబైట్లు హరీ.

రాత్రి మాత్రమే పడిపోతుంటే అప్పుడు ఆ కాగితం పట్టుకుని వెళ్ళు. రూల్సు చూపిద్దామనుకోకు, 2023లో సర్కారు బ్రాడ్‌బ్యాండ్‌కి పెట్టిన కనీస డౌన్‌లోడ్ 2 మెగాబిట్లే!

నా దగ్గర మంచి కేబుల్ ముక్క మిగిలింది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగినప్పుడు ఇంటికొచ్చి పట్టుకెళ్ళు.

ఇట్లు,
మావయ్య, ఆమదాలవలస