సూదీ దారం: మీ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమ్మల, అమ్మమ్మల వస్తువుల గురించే. అన్నిటికీ చోటు చాలదు. పదిమందికీ పనికొస్తాయనిపించినవి ఇక్కడ ఇస్తున్నాను.

అక్కా, మా నాయనమ్మ పెళ్ళినాటి ఎర్ర కంచిపట్టు చీర నా దగ్గరుంది. మడతల దగ్గర పిగిలిపోతోంది. పిల్లలకి లంగాలు కుట్టిద్దామని చెల్లెలు అంటోంది. నాకేమో కత్తెర పెట్టబుద్ధి కావడం లేదు. మొన్న వీధిలోకి పాత పట్టుచీరలు కొనేవాళ్ళు వచ్చి రేటు కూడా చెప్పి వెళ్ళారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

కొనేవాళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం. వాళ్ళకి చీరతో పని లేదు, జరీలో ఉన్న వెండితోనే పని. పాతకాలం అసలు జరీ అంటే పట్టు పోగు మీద వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత పూసింది. చీరని కాల్చి ఆ వెండి తీస్తారు. ఇంట్లో డబ్బు అవసరమై అమ్ముకుంటే అందులో తప్పేమీ లేదు. మీ ఉత్తరంలో అలాంటి ఇబ్బంది కనబడలేదు కాబట్టి అమ్మొద్దంటున్నాను.

ఇక చీరని పగటి వెలుతురులో మంచం మీద పూర్తిగా పరవండి. మడత పడని చోట బట్టని రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని చాలా మెల్లగా లాగి చూడండి. ఆగిందంటే చీరకి ఇంకా సత్తువ ఉన్నట్టే. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే పట్టు పోగు అక్కడ పెళుసైపోతుంది, మిగతా చీర బాగానే ఉంటుంది. అలాగైతే కత్తెర వద్దు. పిగిలిన చోట వెనక అదే రంగు పల్చటి మల్లు గుడ్డ వేయించి, సన్న సూదితో రఫూ చేయించండి. జారే నైలాన్ దారం కాకుండా పట్టు దారమే వాడమని దర్జీకి గట్టిగా చెప్పండి. కట్టినప్పుడు ఆ భాగం కుచ్చిళ్ళ లోపలికి పోయేలా చూసుకుంటే సంవత్సరానికి ఒక శుభకార్యానికి హాయిగా కట్టుకోవచ్చు.

లాగగానే జర్రున చిరిగితే మాత్రం మీ చెల్లెలి మాటే వినండి. అలాంటి బట్టకి ఎంత రఫూ చేసినా కుట్టు పక్కనే మళ్ళీ చిరుగుతుంది. ఒళ్ళు పోయినా అంచూ కొంగూ చాలా చీరల్లో గట్టిగానే ఉంటాయి. అంచుని కత్తిరించేటప్పుడు ఒంటి బట్ట రెండు వేళ్ళ వెడల్పు అంచుతో ఉంచండి. అంచుని అంటిపెట్టుకుని కత్తిరిస్తే అంచుకీ ఒంటికీ కలిపిన నేత విడిపోతుంది. ఆ అంచుని పిల్లల కొత్త లంగాలకి వేయించవచ్చు, మీకొక సాదా పట్టుచీరకీ వేయించుకోవచ్చు. కొంగుని మాత్రం ముక్కలు చేయకండి. అది మొత్తంగా ఒకరి దగ్గర ఉండాలి. ఎవరి దగ్గరన్నది మీరిద్దరూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి. నా షాపుకి ఒక చీర పట్టుకుని, మాటలు లేని అక్కచెల్లెళ్ళు విడివిడిగా వచ్చిన సందర్భాలు చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

దాచేటప్పుడు ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. మూడు నాలుగు నెలలకోసారి తీసి, నీడలో గాలికి ఆరేసి, మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, నల్లబడుతుంది. ఒక నూలు టేపు ముక్క మీద నాయనమ్మ పేరు, పుట్టిన ఊరు, పెళ్ళైన సంవత్సరం చెరగని ఇంకుతో రాసి ఆ పంచెకి కుట్టేయండి. చీర మీద కుట్టొద్దు.

మాది పాలకొల్లు దగ్గర. మా అమ్మ చిన్నప్పటి నుంచీ లేసు అల్లేది. ఇప్పుడు చూపు తగ్గి మానేసింది. ట్రంకు పెట్టెలో పసుపు పట్టిన లేసు పూలు, సగం అయిన టేబుల్ క్లాత్ ఒకటి ఉన్నాయి. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. వీటిని నా బట్టల్లో వాడుకోవాలని ఉంది, పాడుచేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మని అడిగితే "అదేం గొప్ప పనే, తీరిక వేళల్లో చేసింది" అంటుంది.
– ఒక కూతురు, బెంగళూరు

నేను పుట్టింది నర్సాపురం పక్క పల్లెలో. మా అమ్మ కూడా ఇదే మాట అనేది. పొద్దున్న వంట, చంటిపిల్లల పని అయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేవేళ దాకా కొక్కెం సూది ఆడుతూనే ఉండేది. అది తీరికే అయితే ఇక పని అని దేన్నంటాం? 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా మన గోదావరి డెల్టాకి వచ్చిన ఈ అల్లిక, ఇంట్లో నుంచి బయటికి వెళ్ళి కూలి చేయడం నామోషీ అనుకున్న కుటుంబాల ఆడవాళ్ళకి ఇంట్లో కూర్చునే నాలుగు డబ్బులు తెచ్చింది. దారం ఏజెంటు ఇచ్చేవాడు, సరుకు విదేశాలకి వెళ్ళేది, కూలి చాలా తక్కువ. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మన లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి ఆడవాళ్ళ తీరిక పని అని అందరూ తీసిపారేసిన ఈ శ్రమ ప్రపంచ మార్కెట్ కోసం చేసిన ఉత్పత్తి అని ఆమె చూపించారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ రెండు సంగతులూ మీ అమ్మగారికి ఒకసారి వినిపించండి.

ఇప్పుడు ఆ పెట్టె. మన లేసులో పని పంచుకుంటారని మీకు తెలిసే ఉంటుంది. విడి పూలు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని, ఇంకా కాజాకుట్టు వేరు. ఒక్క టేబుల్ క్లాత్‌లో ఎందరి చేతులో ఉండేవి. మా అమ్మది అతుకుపని. వేరేవాళ్ళ పూలు బుట్టలో వచ్చేవి, ఒక్కొక్కరి బిగువు ఒక్కో రకంగా ఉండేది, చూడగానే "ఇది ఫలానా పిన్ని అల్లింది" అని చెప్పేసేది. మీ పెట్టెలో ఉన్నవి అన్నీ అమ్మవేనా, ఇరుగుపొరుగువి కూడా ఉన్నాయా అని అడగండి. చూపు తగ్గినా చేతికిస్తే తడిమి చెప్పగలరు. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

లేసుని ఎక్కడా కత్తిరించకూడదు. ఒక్క పోగు తెగినా అల్లిక మొత్తం ఊడుతూ వస్తుంది. సగం అయిన టేబుల్ క్లాత్‌ని చిన్నది చేయాలంటే అతుకుల దగ్గర ఉన్న దారం మాత్రమే విప్పండి, పూలు చెక్కుచెదరకుండా విడివిడిగా వచ్చేస్తాయి. ఊడిన గళ్ళు ఉంటే ఉతకక ముందే అదే మందం నూలు దారంతో పట్టించాలి. ఉతికితే చిరుగు పెద్దదవుతుంది.

పసుపు పోవడానికి గోరువెచ్చని నీళ్ళలో కొంచెం మెత్తటి లిక్విడ్ సోపు వేసి రాత్రంతా నానబెట్టండి. నీళ్ళు రంగు మారితే పారబోసి మళ్ళీ నానబెట్టండి. బ్లీచింగ్ జోలికి వెళ్ళొద్దు, పాత నూలు తట్టుకోలేదు. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి నీళ్ళు తీయండి. దుప్పటి మీద పరిచి, ప్రతి రేకనీ వేళ్ళతో సర్ది, తుప్పు పట్టని గుండుసూదులతో బిగించి ఆరనివ్వండి. పల్చటి గంజి పెడితే మళ్ళీ నిలబడుతుంది. కొంత పసుపు ఎలాగూ మిగులుతుంది. నాకైతే ఆ రంగే ఇష్టం, దానికి తగ్గట్టు తెల్ల బట్ట బదులు గంధం రంగో, లేత గోధుమ రంగో లినెన్ తీసుకోండి.

స్టైల్ గురించి నా అభిప్రాయం: లేసు తక్కువ ఉంటేనే కంటికి ఆనుతుంది. మెడకీ, చేతులకీ, కిందికీ అన్నిచోట్లా వేస్తే పిల్లల ఫ్రాకులా ఉంటుంది. సాదా జాకెట్ వీపు మీద మూడు పూలు వరసగా, లేదా ముదురు నీలం కుర్తా చేతి అంచున ఒక్క వరస చాలు. మిషన్ మీద కుట్టించకండి. చేత్తో, పూరేకల కొసల దగ్గర మాత్రమే టాకాలు వేస్తే, ఆ కుర్తా పాతబడ్డాక విప్పి ఇంకో దానికి వేసుకోవచ్చు. మొదటిది తొడుక్కున్న రోజు అమ్మకి వీడియో కాల్ చేసి దగ్గరగా చూపించండి.

అమ్మా, నేను బ్యాంకులో పనిచేస్తాను, మగవాణ్ణి. పోయినేడు మా అమ్మ చనిపోయింది. ఆమె కట్టుకున్న నూలు చీరలతో బొంత కుట్టుకోవాలని ఉంది. బయట ఇచ్చేందుకు మనసు రావట్లేదు. నాకు గుండీ కుట్టుకోవడం తప్ప ఏమీ రాదు.
– ఒక పాఠకుడు, హనుమకొండ

గుండీ కుట్టుకోగలిగితే బొంత కుట్టగలవు బాబూ. మగ్గం మీద కూర్చునే చేతులు, దర్జీల చేతులు, కలంకారీ కలం పట్టిన చేతులు ఎన్నో మగవాళ్ళవే. మొహమాటం పెట్టుకోకు.

పూర్తిగా నూలువే తీసుకో, పాలియెస్టర్ కలిసినవి పొరల మధ్య జారిపోతాయి. అన్నీ ఒకసారి ఉతికి ఆరబెట్టు. బాగా చినిగినవి లోపలి పొరలకి, అమ్మ ఎక్కువ కట్టినవి పైకీ కిందికీ. నాలుగైదు పొరలు చాలు, ఎక్కువైతే సూది దిగదు. నేల మీద పరిచి, ముడతలు మధ్య నుంచి బయటికి తోసి, జానెడు ఎడంగా పెద్ద పెద్ద టాకాలతో మొత్తం కదలకుండా పట్టించు. ఇవి చివర్లో తీసేసేవే. తర్వాత అంచులు లోపలికి మడిచి, అంచు పక్క నుంచి మొదలుపెట్టి చదరం లోపల చదరంగా మధ్యలోకి కుట్టుకుంటూ పో. మందపాటి నూలు దారం, పొడుగాటి సూది. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ళు. కుట్లు వంకర పోతాయి, పోనివ్వు, విప్పకు. బొంతకి బలం వరసల సంఖ్యలో ఉంటుంది.

ఆదివారాలు కూర్చుంటే నెలలు పడుతుంది. మధ్యలో ఏడుపొస్తే సూది పక్కన పెట్టి లేచి రా. తొందరేమీ లేదు. ఇంట్లో పిల్లలుంటే ఒక్కో వరస వాళ్ళ చేత కూడా వేయించు, ఏ చీర ఏ పండగకి కొన్నదో అప్పుడే చెప్పొచ్చు. వీలైతే ఒక చీరని కోయకుండా అట్టే ఉంచుకో.

తక్కువ ధరకి కలంకారీ చీర కొన్నాను. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

వెనక్కి తిప్పి చూడండి. రంగు ఒక పక్కే ఉండి, వెనక పాలిపోయి ఉంటే అది మిషన్ ప్రింటో, స్క్రీన్ ప్రింటో అయ్యుండే అవకాశమే ఎక్కువ. పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో వేసిన దాంట్లో అచ్చుకీ అచ్చుకీ కలిసే చోట గీత అక్కడక్కడా కొంచెం తప్పుతుంది. శ్రీకాళహస్తిది కలంతో గీసింది కాబట్టి ఒకే నెమలి రెండుసార్లు ఉన్నా రెండూ ఒకేలా ఉండవు. అక్కడ బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు, రంగు పాకకుండా ఉండేందుకు. నలుపు కోసం ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. ఎరుపుకి పటిక కావాలి. రంగు రంగుకీ ఉతుకుతారు. ఇంత పని చేసిన చీర చవగ్గా రాదు. మీరు కొన్నది నచ్చితే సంతోషంగా కట్టుకోండి. అమ్మినవాళ్ళు చేతిపని అని చెప్పి ఉంటే మాత్రం వెళ్ళి నిలదీయండి, ఆ అబద్ధం వల్ల నష్టపోయేది కలం పట్టిన మనిషి.

నేను ఫోన్లో వీడియోలు చూసే ఎంబ్రాయిడరీ చేస్తాను. సొంతంగా ఒక్క డిజైను కూడా తట్టదు. నాకు క్రియేటివిటీ లేదనుకోవాలా?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

ముగ్గుల పుస్తకం నింపుకోని ఆడపిల్ల మా రోజుల్లో లేదు. పక్కింటి వాకిట్లో చుక్కలు లెక్కపెట్టుకుని వచ్చి దించేవాళ్ళం. సంక్రాంతి నాటికి చోటు చాలక రెండు చుక్కలు తగ్గించాల్సి వచ్చేది, అప్పుడు ముగ్గు మారిపోయేది. నీకూ అలాగే మొదలవుతుంది. చూసిన డిజైనునే వేయి, రంగులు మాత్రం మీ ఇంట్లో ఉన్న దారాల్లోంచే ఏరుకో. గొలుసుకుట్టు ఉన్నచోట కాడకుట్టు వేసి చూడు. మీ వీధిలో రోజూ కనిపించే ఒక ఆకుని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, దాన్ని జేబురుమాలు మూల కుట్టు. ఎవరి డిజైను చూసి వేశావో వాళ్ళ పేరు చెప్పడం అలవాటు చేసుకో.

అమ్మమ్మ గద్వాల చీరతో పెళ్ళి పీటల మీద కూర్చోవాలని ఉంది. "పెళ్ళికి నూలు చీరేమిటి" అని ఇంట్లో పెద్దవాళ్ళు. జాకెట్ ఎలా కుట్టించుకోవాలి?
– ఒక పెళ్ళికూతురు, కర్నూలు

గద్వాల చీరకి ఒళ్ళు నూలైనా అంచూ కొంగూ పట్టువి. వేరుగా నేసే ఆ పట్టు అంచుని నూలు ఒంటితో పోగు పోగుకీ కలుపుతూ నేస్తారు, కుప్పడం నేత అంటారు. ఆ కలిపిన చోటు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి చూపించండి, వాదన అక్కర్లేదు. అయినా ఒప్పుకోకపోతే ముహూర్తానికి వాళ్ళు కొన్నది, మర్నాడు వ్రతానికి అమ్మమ్మది కట్టుకోండి.

జాకెట్‌కి మగ్గం వర్క్ వద్దు. అంత బరువైన పని పక్కన నూలు ఒళ్ళు వెలవెలబోతుంది. అంచు రంగు సాదా పట్టు, మోచేతి దాకా చేతులు, వీపు మరీ లోతు లేకుండా. చీరకి పాత ఫాల్ ఉంటే తీసేయించి, కొత్త నూలు ఫాల్‌ని ఒక రాత్రి నీళ్ళలో తడిపి ఆరబెట్టాకే కుట్టించండి. లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుదించుకుపోయి అంచుని ముడుచుకునేలా చేస్తుంది.