తూముకు జాలీ ఉన్నా కొర్రమట్టలు ఎలా వస్తున్నాయి?

ప్రశ్న: కాలువ నీరు తూము ద్వారా చేపల చెరువుకు పెడతాం. తూముకు దోమతెరతో ఫ్రేమ్ బిగించాం. అయినా పట్టుబడిలో మేం వదలని కొర్రమట్టలు, జెల్లలు, పరిగెలు వస్తున్నాయి. ఇంకా సన్న కన్ను (రంధ్రం) ఉన్న తెర వేయాలా? – ఒక రైతు, కైకలూరు

జవాబు: కన్ను సంగతి తర్వాత, ముందు అంచులు చూడండి. కాలువలో నీరు లేనప్పుడు షట్టరు ఎత్తి, ఫ్రేమ్‌ను తూము గోడలోని గాడిలోనే ఉంచి, చీకటి పడ్డాక కాలువ వైపు నుంచి టార్చి వేయించండి. మీరు చెరువు వైపు నిలబడితే వెలుగు ఎక్కడ గీతలా కనిపిస్తే దొంగదారి అక్కడే. ఎక్కువగా కింది రెండు మూలల్లో ఉంటుంది. గాడి అడుగున ఒక్క గులకరాయి ఇరుక్కున్నా ఫ్రేమ్ వేలెడంత పైకి లేస్తుంది, కన్ను ఎంత సన్నదైనా ఇక దండగే. గాడి గీకి, ఫ్రేమ్ అడుగున, పక్కల పాత సైకిల్ ట్యూబు చీల్చి మేకులతో బిగించండి.

రెండోది, జాలీ కడిగే సమయం. నీరు పారుతుండగా ఫ్రేమ్ పైకి లాగితే, ఆ రెండు నిమిషాల్లో కాలువలోని చేపపిల్లంతా లోపలికి పోతుంది. అందుకే తూముకు రెండు గాడులు ఉండాలి. రెండో ఫ్రేమ్ దించాకే మొదటిది తీయాలి. ఒకే గాడి ఉంటే షట్టరు మూసి తీయండి. తీసిన దాన్ని ఎండలో ఆరబెట్టి బ్రష్ కొడితే నాచు పొడిపొడిగా రాలిపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు గట్టిగా రుద్దితే దారం సాగి కన్ను పెద్దదవుతుంది.

కడగాల్సిన వేళ వచ్చిందో లేదో కర్రతో తెలుసుకోవచ్చు. జాలీకి రెండు వైపులా నీటిమట్టం కొలవండి. తేడా 10 సెంటీమీటర్లుంటే, పూర్తిగా మునిగిన రెండడుగుల చదరపు జాలీ మీద దాదాపు 37 కిలోల బరువు పడుతున్నట్టే. తెర చిరిగేది ఆ బరువుకే. మేం 5 సెంటీమీటర్లకే కడగమంటాం. జాలీకి ముందు అంగుళం సందుతో ఇనుప చువ్వల తడక పెడితే గుర్రపుడెక్క అక్కడే ఆగుతుంది. దాని వేళ్లకు చేప గుడ్లు అంటుకుని ఉంటాయి కాబట్టి ఏరిన డెక్కను చెరువు గట్టు మీద పడేయకండి.

ఇక కన్ను. దోమతెర కన్ను మిల్లీమీటరు పైనే ఉంటుంది, అప్పుడే పొదిగిన పిల్ల అందులోంచి జారిపోతుంది. చెరువు వైపు ఫ్రేమ్‌కు అంగుళానికి 60 కన్నులున్న నైలాన్ తెర వేయండి. అది త్వరగా మూసుకుపోతుంది కాబట్టి ఫ్రేమ్‌కు పరిచినట్టు కాక, 3 మీటర్ల సంచిలా కుట్టించి తూము పైపు చివర కట్టడం మేలు. సిమెంటుకు రాసుకునే చోట రెండు పొరలు వేయించండి.

ఇవన్నీ సరిగా ఉండీ కొర్రమట్ట వస్తుంటే గట్టు చూడండి. వాన పడిన రాత్రి అది తడి నేల మీద పాకి వస్తుంది. తూము పక్కన ఎండ్రకాయ బొరియలుంటే బంకమట్టితో కూరి తొక్కండి.

ప్రశ్న: నీరు తీసేటప్పుడు చిన్న చేపలు జాలీకి అతుక్కుని చస్తున్నాయి. ఎందుకు?

జవాబు: నీటి లాగుడు వాటి ఈతను మించిపోతోంది. జాలీ ముందు గడ్డిపరక వదలండి. మీటరు దూరం పోవడానికి కనీసం 8 సెకన్లు పట్టాలి, అంటే సెకనుకు సుమారు 12 సెంటీమీటర్లు. అమెరికా పశ్చిమ తీరంలో సాల్మన్ పిల్లల కోసం కాలువ జాలీలకు పాటించే హద్దు కూడా దాదాపు ఇదే. సెకనుకు 30 లీటర్లు పోతుంటే కనీసం పావు చదరపు మీటరు జాలీ కావాలి. సగం మూసుకుపోతే మిగిలిన సగంలో వేగం రెట్టింపవుతుంది, అందుకే రెట్టింపు జాలీ పెట్టుకోండి. షట్టరు పలకను కొద్దికొద్దిగా పైకెత్తండి.