డి డ్రైవ్‌కి తాళం

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది జిరాక్స్ షాపు. విండోస్ 11 కంప్యూటర్‌ని కుర్రాడూ వాడతాడు. డి డ్రైవ్‌లో ఉన్న మా లెక్కలు అతను తెరవకుండా చేయడమెలా?

జవాబు: ముందు కుర్రాడికి విడిగా స్టాండర్డ్ అకౌంట్ (అడ్మిన్ అధికారాలు లేని మామూలు ఖాతా) తెరవండి. ఇద్దరూ ఒకే అకౌంట్ వాడుతుంటే ఏ తాళమూ నిలవదు. మీ అడ్మిన్ అకౌంట్‌లో డి డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ఎడిట్‌లోకి వెళ్లండి. మొదట మీ పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇచ్చి, ఆ తర్వాతే యూజర్స్, ఆథెంటికేటెడ్ యూజర్స్, ఎవ్రీవన్ కనిపిస్తే తీసేయండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ జోలికి పోవద్దు.

చాలామంది ఈ యూజర్స్ అనే గుంపుకి డినై (అనుమతి నిరాకరణ) టిక్కు పెట్టి చిక్కుల్లో పడతారు. ఆ గుంపులో మీరూ ఉంటారు, డినైదే పైచేయి. మీ డ్రైవ్ మీకే మూసుకుపోతుంది.

సెక్యూరిటీ ట్యాబే లేదా? అది ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ కావచ్చు, వాటిలో ఈ అనుమతులు ఉండవు. ఫైళ్లు వేరేచోట దాచి, అనుమతులు పెట్టగలిగే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి.