మేనేజర్ల నంబర్లు ముందే ఇవ్వకండి

పోయిన దసరాకు హన్మకొండ వెళ్లినప్పుడు మా పక్కింటి చిన్నమ్మ ఫోన్ పట్టుకొని వచ్చింది. "జర ఇది చూడు బిడ్డా, వాడు రాత్రంతా పండుకోలేదట" అంది. డల్లాస్‌లో ఎమ్మెస్ పూర్తి చేసి, ఓపీటీ (అమెరికాలో చదివిన విదేశీ విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్ల అబ్బాయికి ఒక కన్సల్టెన్సీ పంపిన మెయిల్ అది. పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు, పాస్‌పోర్ట్, వీసా, డ్రైవింగ్ లైసెన్స్ కాపీలు, ఇద్దరు మేనేజర్ల ఫోన్ నంబర్లు, ఆఫీసు మెయిల్ ఐడీలు అన్నీ సాయంత్రంలోగా పంపాలట. ఇంటర్వ్యూ ఊసు మాత్రం ఎక్కడా లేదు.

ఆ పిల్లాడి టెన్షన్ నాకు తెలుసు. చదువు అయ్యాక వచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. రోజులు లెక్కపెట్టుకుంటున్నవాడు ఏది అడిగితే అది ఇచ్చేస్తాడు. నేనూ ఇచ్చాను.

నా మొదటి ప్రాజెక్టు చివర్లో ఒక రిక్రూటర్ ఫోన్ చేసి, రిఫరెన్సులు (మన పని గురించి చెప్పగలవాళ్ల పేర్లు, నంబర్లు) ఇస్తేనే క్లయింట్‌కు నా ప్రొఫైల్ పంపుతానన్నాడు. అప్పటి మా మేనేజర్ నంబర్ ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "మానేస్తున్నావట, నిజమేనా?" అన్నాడు. నా చేతిలో కాఫీ కప్పు, ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. రిక్రూటర్ ఆయన్ని నా పని గురించి ఒక్క ముక్క అడగలేదట. "మీకు మనుషులు కావాలా, మా దగ్గర ఉన్నారు" అని బేరం మొదలుపెట్టాడట. నాకు చెప్పిన ఉద్యోగం గురించి మళ్లీ ఫోనే రాలేదు. మేనేజర్ మంచివాడు కాబట్టి గట్టెక్కాను, కానీ ఆయన్ని ఇంకోసారి రిఫరెన్స్ అడగడానికి మొహం చెల్లలేదు.

అందుకే చెబుతున్నాను. మన కోసం నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఒకరు ఒప్పుకుంటే, వాళ్ల నంబర్ ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేయడం అన్యాయం. "రిఫరెన్సులు సిద్ధంగా ఉన్నాయి, ఇంటర్వ్యూ అయ్యాక హైరింగ్ మేనేజర్‌కు నేరుగా ఇస్తాను" అని మర్యాదగా రాయండి. నిజంగా ఉద్యోగం ఉన్నవాళ్లు ఆగుతారు.

పాస్‌పోర్ట్ కాపీల సంగతీ అంతే. పని చేసే అనుమతి కాగితాలను కంపెనీ చూసేది ఐ-9 ఫారం కోసం. అది ఆఫర్ ఒప్పుకున్నాక, చేరిన మూడు పనిదినాల లోపు అయ్యే పని. ఫారంతో వచ్చే జాబితాలో ఏ కాగితం చూపించాలో ఎంచుకునేది మనమే. అంతకుముందు, అమెరికాలో పని చేసే అనుమతి ఉందా, ముందు ముందు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా అని అడగొచ్చు. దానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాత జీతం అడగడం కాలిఫోర్నియాలో 2018 నుంచి, న్యూయార్క్, న్యూజెర్సీల్లో 2020 నుంచి నిషేధం. టెక్సాస్‌లో అలాంటి రాష్ట్ర చట్టం లేదు, అక్కడ "నేను అనుకుంటున్నది ఇంత" అని ముందుకు సాగిపోవాలి. ఇక "మాది వరంగల్" అనగానే "మీరు ఏమిటోళ్లు?" అని ఆరా తీసే మనవాళ్లూ ఉంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు.

బయటి ఏజెన్సీతో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించాలంటే, 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం కంపెనీ ఆ సంగతి విడిగా కాగితం మీద చెప్పి, మన అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. రిపోర్టు చూసి వద్దనుకుంటే, ఆ నిర్ణయానికి ముందే దాని కాపీ మనకివ్వాలి. తప్పుందని మనం ఏజెన్సీకి రాస్తే, మామూలుగా 30 రోజుల్లో వాళ్లు మళ్లీ విచారించాలి. మనవాళ్లకు ఇది తప్పకుండా అవసరం పడుతుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది కదా. నా డిగ్రీ "సరిపోలలేదు" అని రిపోర్టులో వచ్చింది అందుకే. మా తమ్ముడు కేయూ క్రాస్ రోడ్స్ దగ్గర జిరాక్స్ షాపులో మెమోలన్నీ స్కాన్ చేయించి పంపితే, వాటిని పాస్‌పోర్ట్‌తో జతచేసి రాశాను, సరిచేశారు. విమానం ఎక్కకముందే మెమోలు, ప్రొవిజనల్, రిలీవింగ్ లెటర్, ఫారం 16 స్కాన్ చేసి పెట్టుకోండి.

ఇదంతా నిజం రాసినవాళ్లకే పనికొస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమేలో లేని అనుభవం కలుపుతామంటే దయచేసి ఒప్పుకోవద్దు. ఆ అబద్ధం వీసా ఫైలులోకి ఎక్కితే జీవితాంతం వెంటాడుతుంది.

చిన్నమ్మ కొడుకుతో ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మాట్లాడాను. జవాబు నా ముందే టైప్ చేశాడు, పంపే ముందు రెండుసార్లు ఆగాడు. ఆ కన్సల్టెన్సీ మళ్లీ ఫోన్ చేయలేదు. మూడు వారాలకు వేరే కంపెనీ ఇంటర్వ్యూ చేశాక రిఫరెన్స్ అడిగింది. వాడు ముందు తన ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, ఆయన సరేనన్నాకే నంబర్ ఇచ్చాడు.