సీఆర్‌పీ 12 వచ్చిందని గుండెజబ్బు అనుకోకు

పర్లాకిమిడి తమ్ముడూ, అమ్మకు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118 మాత్రమే ఉన్నా హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూక్ష్మంగా కొలిచే రక్తపరీక్ష) 12 వచ్చిందని, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశావు. జ్వరం తగ్గి వారమే అయిందని చివర్లో ఒక ముక్క రాశావు చూడు, అసలు సంగతి అక్కడే ఉంది.

ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను గబగబా తయారుచేస్తుంది. గుండె రిస్కు లెక్కలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే మాత్రం ఆ అంకెను గుండెకు అంటగట్టకూడదు, ముందు వేరే కారణం వెతకాలి. ఒళ్లు పూర్తిగా కుదుటపడ్డాక, రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చేయించు. బరంపురంలో చేయించినా సరే, మామూలు సీఆర్‌పీ కాదు, హెచ్‌ఎస్ అనే అడుగు. యూనిట్ కూడా చూసుకో: డెసీలీటరుకు 1 అంటే లీటరుకు 10.

చిగుళ్లు కూడా చూపించు. మన సరిహద్దు ఊళ్లలో పొద్దున్నే గుడాఖుతో పళ్లు తోముకునే ఆడవాళ్లు ఉన్నారు కదా, అది పొగాకే, చిగుళ్లను పాడుచేస్తుంది. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో సీఆర్‌పీ ఎక్కువగా ఉంటుంది.

రెండోసారీ 2 పైనే ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. 2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనంలో ఎల్‌డీఎల్ 130 లోపు, సీఆర్‌పీ 2 లేదా ఆపైన ఉన్నవాళ్లకు రోసువాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర ఇస్తే గుండెపోటు, పక్షవాతం తగ్గాయి. అయినా మాత్ర సంగతి డాక్టరు బీపీ, షుగరు, వయసు చూసి తేల్చాలి. ఈలోగా ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే రిపోర్టు కోసం ఆగకుండా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లు.